మందుల పెట్టె వెంట సీతారామపురం దాకా

నేను ఆత్మకూరు వెళ్తున్నానంటే మా ఆఫీసులో సగం మంది శ్రీశైలం అడవి పక్కన ఉండే ఆత్మకూరు అనుకున్నారు. అది కాదు, నెల్లూరుకు పడమట ఉన్నది అని చెప్పాక, "అక్కడ చూడ్డానికి ఏముందండీ?" అని అడిగారు. నాకూ తెలియదు. తెలుసుకుందామనే బయలుదేరాను.

ఈ ప్రయాణానికి కారణం నా ఉద్యోగం కాబట్టి ముందు దాని గురించి చెప్పాలి. విజయవాడలో ఒక మందుల పంపిణీ కంపెనీలో నేను బిజినెస్ కంటిన్యూటీ చూస్తాను. మా అమ్మకు ఆ మాట ఇప్పటికీ కొరుకుడు పడలేదు. గోడౌన్‌కు నిప్పంటుకున్నా, కంప్యూటర్లు మొరాయించినా, తుఫాను వచ్చినా పని ఆగిపోకుండా ముందే ఆలోచించి పెట్టుకోవడం, ఒకవేళ ఆగితే మొదట దేన్ని లేవనెత్తాలో, ఎవరు నిర్ణయం తీసుకోవాలో తేల్చుకుని ఉండడం నా పని అని ఆవిడకు చెప్పాను. అమ్మ కాసేపు ఆలోచించి, "అంటే ఇంకా జరగని వాటికి భయపడ్డానికి నీకు జీతమిస్తున్నారన్నమాట" అంది.

నేను చేరిన కొత్తలో ఆ భయాలన్నీ కంప్యూటర్ల చుట్టూనే ఉండేవి. కరోనా వచ్చాక మనుషులు కూడా ఆగిపోతారని తెలిసింది. ఇప్పుడు వానల వంతు. కాలం కాని కాలంలో, కురవని చోట కురుస్తున్నాయి. ఇకముందు ఈ పని ఎటు వెళ్లాలో మా మీటింగుల్లో తరచూ మాట్లాడుకుంటాం. నాకొకటే తోచేది. మా ప్రణాళికలన్నీ గోడౌన్ గేటు దగ్గరే ఆగిపోతున్నాయి. గేటు దాటిన పెట్టె ఎంత దూరం పోతుంది, చివరికి దాన్ని అందుకునే చెయ్యి ఎవరిది అన్నది మాలో ఎవరమూ చూసింది లేదు. అందుకే ఒక ఇన్సులిన్ పెట్టెను ఎంచుకున్నాను. అది చల్లగా ఉండాలి, వేళకు చేరాలి. మాకున్న దారుల్లో అన్నిటికన్నా కొసన ఉన్నది ఆత్మకూరు నుంచి ఉదయగిరి మీదుగా సీతారామపురం పోయేది. దాని వెంట పోదామనుకున్నాను.

సంగం వంతెన మీద

నెల్లూరులో బస్సెక్కితే సంగం దాకా కిటికీలోంచి కనిపించేదంతా నీళ్లూ ఆకుపచ్చా. కార్తీకమాసం. నారుమళ్లు పోసి ఉన్నాయి. పెన్న మీద బ్యారేజీ దగ్గర బస్సు నెమ్మదించింది, నేను తల బయటపెట్టి చూశాను. మా భీమవరం వైపు కాలవలు చూసి పెరిగినదాన్ని కాబట్టి ఇల్లు గుర్తొచ్చింది.

పక్కసీటులో ఒకామె సంచిలో వంకాయలు పెట్టుకుని కూర్చుంది. నన్ను తేరిపార చూసి, "యాడికి పోతుండావు?" అంది.

"ఆత్మకూరండీ."

"ఒక్కదానివేనా? మీ ఆయన రాలా?"

మా వైపు ఇదే ప్రశ్న అడగాలంటే వాతావరణం దగ్గర మొదలుపెట్టి, ఊరి పేరు మీదుగా, బంధువుల్లో ఎవరైనా కలుస్తారేమో చూసుకుని, రెండు మూడు 'అండీ'లు చేర్చి అప్పుడు వస్తారు. ఇక్కడ సూటిగా వచ్చేస్తారు. మొదట ఉలిక్కిపడ్డాను గాని, సంగం దాటేసరికి అలవాటైంది. దిగేటప్పుడు ఆమె నా ఒడిలో రెండు వంకాయలు పెట్టింది. లాడ్జిలో ఉండబోయే నాకు అవెందుకని అడిగేలోపే వెళ్లిపోయింది. వాటిని ఆ సాయంత్రం ఆత్మకూరు హోటలు వంటమనిషికి ఇచ్చేశాను.

ఆత్మకూరు

ఆత్మకూరులో నాకు బాగా గుర్తున్నది కారం దోశ. పెనం మీద ఉండగానే ఎర్ర కారం పూసి, నెయ్యి వేసి మడుస్తారు. "కారం తక్కువ వెయ్యండి" అన్నాను. హోటలాయన నవ్వి, "తక్కువేస్తే అది వుట్టి దోశే గదమ్మా" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా ఇంకొకటి అడిగాను. ధర విజయవాడలో సగం కూడా లేదు.

మర్నాడు పొద్దున వానతోనే తెల్లవారింది. బంగాళాఖాతంలో అల్పపీడనం. మా మందులు తీసుకుపోయే వ్యాను డ్రైవరు పేరు మస్తాన్. నలభై దాటిన మనిషి, బండిలో ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉంటాడు. రాత్రి విజయవాడ నుంచి వచ్చి దిగిన ఇన్సులిన్ పెట్టెను సీటు వెనక తాడుతో బిగించి, పైన తన రెయిన్‌కోటు కప్పాడు.

"మీరు తడిస్తే?" అన్నాను.

"నేను తడిస్తే ఆరతాను మేడమ్."

ఆత్మకూరు దాటి కొంతదూరం పోయాక నేల రంగు మారిపోయింది. వరి పోయి కంది వచ్చింది, అక్కడక్కడా నిమ్మతోటలు. తర్వాత రాళ్లు, తుప్పలు. వానలో అవి కూడా పచ్చగా కడిగినట్టున్నాయి. దూరంగా ఉదయగిరి దుర్గం కొండ మబ్బులో సగం మునిగి కనిపించింది. "ఎండాకాలంలో వచ్చుంటే ఈ దారిలో మీకు ఏడుపొచ్చేది" అన్నాడు మస్తాన్, తన ఊరి గొప్ప చెబుతున్నట్టుగా.

ఉదయగిరి: ఖాజా గారి షాపు

ఉదయగిరి బజారులో చెక్క చెంచాలు అమ్మే కొట్టు ముందు బండి ఆగింది. దాని పక్కనే ఖాజా మొహిద్దీన్ గారి మందుల షాపు. ఆయనకు యాభై ఐదేళ్లుంటాయి. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, పెట్టె విప్పి, సీసాలు ఒక్కొక్కటే ఫ్రిజ్‌లో పెట్టుకున్నాడు. సీతారామపురం వైపు పంపాల్సినవి పెట్టెలోనే ఉంచేశాడు. ఆ ఊళ్లో ఆ రకం ఇన్సులిన్ దొరకదు. వాడేవాళ్లకు ఖాజా గారే మస్తాన్ వ్యానులో పంపిస్తాడు.

నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పాను. ఆయన శ్రద్ధగా విని అడిగాడు.

"ఈ ప్లాను ఎవురికోసరం మేడమ్? కంపెనీ నిలబడేదానికా, మందు అందేదానికా?"

"రెండిటికీ. కంపెనీ పడిపోతే మందు ఎవరు పంపుతారు?"

"అదీ నిజమే. కానీ రెండిట్లో ఒకటే మిగిలే రోజొస్తే?"

జవాబుకు బదులుగా నేనొకటి అడిగాను. "మీకు జ్వరమొస్తే ఈ షాపు ఎవరు చూస్తారు?"

ఆయన నవ్వాడు. లోపలినుంచి ఆయన భార్య షాహిదా గారు తలుపు దగ్గరికొచ్చి, "ఎవురు చూస్తారు, మూసేస్తాడు. మొన్న డెంగీ వచ్చినప్పుడు మూసేసినాడు. ఫోన్లు నేను ఎత్తలేక చచ్చినాను. ఎవురికి ఏ మందో అంతా ఈయన బుర్రలోనే ఉండాది" అంది. ఖాజా గారు నవ్వడం ఆపి కళ్లజోడు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం వాళ్లింట్లోనే భోజనం. బగారా అన్నం, దాల్చా. పప్పులో మాంసం, సొరకాయ, చింతపండు పులుపు. మా ఇంట్లో పప్పునూ మాంసాన్నీ ఒకే గిన్నెలో చూస్తే మా అత్తగారు ఏమంటారో అనుకుంటూనే రెండోసారి వడ్డించుకున్నాను. షాహిదా గారు వంటింట్లో వాడే చెంచాలన్నీ పక్క కొట్టులో చేసినవే. పట్టుకుంటే తేలిగ్గా, నున్నగా ఉన్నాయి.

మేం తింటుండగా ఖాజా గారి ఫోను మోగింది. మాట్లాడి వచ్చి మస్తాన్‌తో, "తొందరగా బయలుదేరబ్బా. సీతారామపురంలో ఒకామెకు నిన్న చెయ్యి జారి కొత్త సీసా పగిలిపోయిందంట. పాతది పొద్దున సూదితో అయిపోయింది. సాయంత్రానికి కావాల" అన్నాడు.

ఎవరామె అని నేను అడిగాను. ఆయన చెప్పలేదు.

వాగు

ఉదయగిరి దాటాక వాన ఇంకా హెచ్చింది. ఒక మలుపు తిరగగానే ముందు బండ్లు ఆగి ఉన్నాయి. దిగి చూస్తే రోడ్డు లేదు. కల్వర్టు మీదుగా ఎర్రటి నీళ్లు సుళ్లు తిరుగుతూ పోతున్నాయి. ఒక పక్క చిల్లచెట్లు నేలకు వంగిపోయి వణుకుతున్నాయి. గొడుగుల కింద, గోనెసంచుల కింద జనం నిలబడి నీళ్లను చూస్తున్నారు. చుట్టూ తిరిగి పోయే దారిలోనూ నీళ్లేనని ఆటోవాళ్లు చెప్పారు.

ఒక ట్రాక్టరు మాత్రం ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. దాని డ్రైవరు దాటించేస్తానంటున్నాడు. మస్తాన్ అతనితో మాట్లాడి వచ్చి పెట్టె తాడు విప్పడం మొదలుపెట్టాడు.

"నేను పోయొస్తా మేడమ్. ట్రాక్టరు ఎత్తుగా ఉండాది. ఏం గాదు."

"వద్దు."

"అవతల మనిషి ఉండాది మేడమ్."

"మీరూ మనిషే కదా."

"మీకు తెలవదు మేడమ్, ఈ వాగు నాకు చిన్నప్పటినుంచి తెలుసు."

నాకు వాగు తెలియదు, నిజమే. కానీ ఆ నీళ్లలో ఒక తాటిదుంగ కొట్టుకొచ్చి కల్వర్టు అంచుకు తగిలి రెండు ముక్కలై పోవడం మేమిద్దరం చూశాం. మస్తాన్ తాడు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "ఎవరూ దాటొద్దు. ఇది నేను చెప్తున్నాను. ఏం జరిగినా మాట నామీదికి రానీండి" అన్నాను. మా ప్రణాళికల్లో మొదటి వాక్యం ఎప్పుడూ ఇదే: ముందు మనుషుల ప్రాణం. ఎన్ని ఊళ్లలో, ఎన్ని హాళ్లలో చదివి వినిపించానో. అక్కడ వానలో ఆ మాట అన్నప్పుడు మాత్రం రెండు వైపులా ప్రాణాలే.

కాసేపటికి ఆ ట్రాక్టరు కూడా వెనక్కి తిరిగింది. మేమూ ఉదయగిరికి తిరిగొచ్చేశాం. దారంతా మస్తాన్ నాతో మాట్లాడలేదు.

షాపులో ఖాజా గారు సీతారామపురం ఊళ్లో ఉండే నర్సమ్మతో మాట్లాడుతున్నాడు. ఫోను పెట్టాక నేను అడిగాను. "వాగుకు అవతల, అదే రకం ఇన్సులిన్ వాడేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

ఆయన నావైపు చూశాడు.

"ఉండాడు. రిటైరైన అయివారు ఒకాయన, బళ్లో చదువు చెప్పేవాడు. పోయిన వారమే రెండు సీసాలు పంపినాను."

"మరి ఆయన్ని అడగొచ్చు కదా?"

"ఎట్ట అడిగేది? ఎవురికోసరం అంటాడు. ఒకరి రోగం సంగతి ఇంకొకరికి నేను చెప్పను మేడమ్. నా దగ్గరికి ఎందుకొస్తారనుకున్నారు? ఆ అమ్మాయి ఇన్నేళ్లనుంచి ఈ సంగతి నర్సమ్మకు తప్ప ఊళ్లో ఎవురికీ తెలీనీలా."

"అయితే ఆమెనే అడగండి. చెప్పమంటుందో, వద్దంటుందో."

షాహిదా గారు కూడా, "అడుగు. ఆ పిల్లది కదా ప్రాణం" అంది.

ఆయన ఫోను చేశాడు. అవతలి మాటలు నాకు వినపడలేదు. ఆయన వైపు నుంచి మాత్రం, "లేదమ్మా, వాగు దాటే మాటే లేదు... అయివారి దగ్గర ఉండాది... నీ పేరు చెప్పకుండా ఎట్ట తెచ్చేది తల్లీ, నర్సమ్మ మీ ఇంటికే గదా తేవాల, వీధి వీధంతా చూస్తారు... నీ ఇష్టం. నువ్వు వద్దంటే ఇంకో దారి చూస్తా" అని వినిపించింది. ఇంకో దారి లేదని ఆ గదిలో అందరికీ తెలుసు. ఆమె జవాబు వచ్చేదాకా ఆయన ఫోనును చెవికి ఆనించుకునే ఉన్నాడు.

"సరేనమ్మా" అని పెట్టేశాడు. తర్వాత ఆమె డాక్టరుకు చేసి, రకం, బలం ఒకటేనని, మోతాదు మార్చక్కర్లేదని అడిగి రూఢి చేసుకున్నాడు. ఆ తర్వాతే అయివారికి చేశాడు. చీకటి పడకముందే నర్సమ్మ దగ్గరనుంచి కబురొచ్చింది: సీసా అందింది, సూది వేసుకుంది.

మస్తాన్ అప్పుడు నాకు టీ తెచ్చి ఇచ్చాడు. మళ్లీ మాటలు కలిశాయి.

సీతారామపురం

మర్నాడు తెరిపి ఇచ్చింది. వాగు తగ్గింది గాని కల్వర్టు మీద బురదా కొమ్మలూ పేరుకుపోయి ఉన్నాయి. ఊరివాళ్లు పారలతో లాగేశాక నెమ్మదిగా దాటాం.

ముందు అయివారింటికి వెళ్లాం. సుబ్బారెడ్డి గారని పిలుస్తాను, అసలు పేరు వేరు. ఈ కథలో నేను రాసిన పేర్లన్నీ అంతే. ఆయన తన సీసాకు బదులు కొత్త సీసా తీసుకుని, వరండా మూలన ఉన్న మట్టికుండలో పెట్టాడు. పెద్ద కుండలో తడి ఇసుక, అందులో చిన్న కుండ. నిన్నటినుంచి ఊళ్లో కరెంటు లేదు. ఫ్రిజ్ ఉన్నా వానాకాలంలో దీన్నే నమ్ముతానన్నాడు.

"ఆ అమ్మాయికి కూడా ఈ జబ్బు ఉండాదని నాకు నిన్నటిదాకా తెలవదు. మా ఆవిడ జాకెట్లన్నీ ఆమే కుట్టేది. ఇంత దగ్గర ఉండి, ఇద్దరం ఒకే మందు పొడుచుకుంటా ఉండాము" అన్నాడు. "ముందే తెలిసుంటే ఆ పిల్లకు నిన్నంత కష్టం ఉండేదా?"

నేను అక్కడినుంచే ఖాజా గారికి ఫోను చేశాను. ఆయన దగ్గర మందు తీసుకునే ప్రతివాళ్లనీ ఎండాకాలంలోనే, ఏ గొడవా లేనప్పుడే, నిదానంగా ఒక మాట అడిగి పెట్టమన్నాను: దారి తెగితే మీ సంగతి ఎవరికి చెప్పొచ్చు, ఎవరికి చెప్పకూడదు? ఆయన లేనప్పుడు ఆ సంగతి తెలిసిన మనిషి ఇంకొకరు ఉండాలని కూడా అన్నాను. "షాహిదాకు నేర్పిస్తా. ఆమె ఎప్పటినుంచో అడుగుతుండాది" అన్నాడు. మా కంపెనీ వైపు నుంచి వానలకు ముందే ఉదయగిరిలో ఎక్కువ సరుకు ఉంచి, వాగుకు అవతలి వాళ్లకు ఒక్కో సీసా అదనంగా చేరేలా నేను ఒప్పించాలి. ఇది రాసేనాటికి ఆ ప్రయత్నంలోనే ఉన్నాను. ఒప్పుకుంటారో లేదో తెలియదు. ఖాజా గారి ప్రశ్నకు జవాబు మాత్రం ఆ వరండాలోనే దొరికింది. ఆ రోజు వాగు దగ్గర మా కంపెనీ ఆగిపోయింది, వ్యాను ఆగిపోయింది, షాపు ఆగిపోయింది. మందు అందింది. మేం నిలబడాల్సింది దానికోసం. ఇకముందు మా పని గోడౌన్ గేటు దాటి, మా జీతాలతో సంబంధం లేని అయివారి వరండా దాకా రావాలి. కానీ ఒక మనిషి తన రోగం గుట్టు బయటపెట్టక తప్పని పరిస్థితి మీద ఆధారపడేదాన్ని ప్రణాళిక అనడానికి నాకు మనసొప్పలేదు.

ఆ మనిషి పేరు పెంచలమ్మ అనుకోండి. ముప్పై ఏళ్లుంటాయి. భర్త బెంగళూరులో లారీ తోలుతాడు. ఇంటి ముందుగదిలో కుట్టు మిషను, గోడకు వేలాడే జాకెట్లు. నేనెవరో చెప్పగానే లోపలికి రమ్మంది, మజ్జిగ ఇచ్చింది. ఆమె గురించి రాయొచ్చా అని అడిగాను.

"రాసుకోండి. ఇంక దాచేదానికి ఏముండాది? పొద్దున్నే ఒకామె వచ్చి కుట్టేదానికి ఇచ్చిన గుడ్డ వెనక్కి తీసకపోయింది. అంటుకుంటాదేమోనని భయమంట. నా చేతి సూదికి, గుడ్డ కుట్టే సూదికి తేడా తెలీని మనిషి." నవ్వబోయింది గాని, నవ్వు రాలేదు.

"నిన్న ఖాజా గారు అడిగినప్పుడు ఏమనిపించింది?"

"కోపమొచ్చింది. ఆయన మీద గాదు. వాగు మీద. పదిహేనేళ్ల పిల్లప్పటినుంచి సూదులు గుండీల డబ్బాలో దాచుకుని బతికినా. అత్తగారికి కూడా బలానికి మందనే చెప్పినాను. అదంతా ఒక్క వానకు పాయె." గోడకున్న జాకెట్టు ఒకటి సర్దుతూ, "అడిగినాడు చూడండి, అది మంచిపని. అడక్కుండా చెప్పేసుంటే మళ్లా ఆయన ముఖం చూసేదాన్ని గాదు" అంది.

నేను లేవబోతుండగా ఒకామె జాకెట్ గుడ్డ పట్టుకుని వచ్చింది. పెంచలమ్మ ముఖం బిగుసుకుంది. ఇచ్చిన గుడ్డను అడుగుతుందేమో అనుకున్నట్టుంది. కానీ ఆమె తెచ్చింది కొత్త గుడ్డ. కొలతలు తీసుకోవడం అయిపోయింది. ఆమె కదల్లేదు. నావైపొకసారి చూసింది. నేను వీధివైపు తిరిగాను.

"పెంచలమ్మా, ఆ సూది నువ్వే పొడుచుకుంటావా?"

"ఊ."

"నొప్పి లేదా?"

"మొదట్లో ఉండేది. ఎందుకు?"

ఆమె గొంతు తగ్గించింది. "మా చెల్లెలికి కూడా రోజూ వేసుకోవాలని చెప్పినారు. భయపడి మానేసుండాది. మనిషి ఎండిపోతుండాది. మేము ఎవురికీ చెప్పలా."

పెంచలమ్మ మిషను మీది గుడ్డను పక్కకు నెట్టి లేచింది. "మానేసిందా? ఎప్పటినుంచి? ఇప్పుడు ఇంట్లో ఉండాదా?"

"ఉండాది."

"పద. నర్సమ్మను కూడా పిలుచుకుని పోదాం." చెప్పులు తొడుక్కుంటూనే నావైపు తిరిగి, "ఏమనుకోబాకండి మేడమ్, మజ్జిగ తాగి తలుపు దగ్గరికేసి పోండి" అంది.

ఇద్దరూ బురద తప్పించుకుంటూ, చీరలు ఎత్తి పట్టుకుని, సందు చివరిదాకా గబగబా నడిచి మలుపు తిరిగారు.